పటంలో పులి మెడ

మిట్టమధ్యాహ్నం, సన్నగా చినుకు పడుతోంది. సుంకమ్మ తడిసిన కొంగుతోనే రాజుగారి కొలువుకు వచ్చింది.

తేనెకొండ మీద పులి తిరుగుతోందంటూ దివాను గీయించిన పటం ఊరూరా పాకింది. కొండ కింది ఊరు ఖాళీ చేయిస్తే ఆ కొండ దివానుకే దక్కుతుంది. "ఆ పులి మా కొండది కాదు" అన్నందుకు సుంకమ్మ మొగుణ్ణీ, ఇద్దరు కొడుకుల్నీ చెరలో వేశారు.

"గొడ్లు కాసేదానివి, పులి సంగతి నీకేం తెలుసే?" అని దివాను నవ్వాడు.

"తెలీకే అడుగుతున్నా దొరా. ఉన్నదే గీశారా, అందానికి ఏమన్నా కలిపారా?"

"కొండ మీద కళ్ళారా చూసి గీయించాను. ఒక్క వెంట్రుక కూడా కల్పన కాదు!"

సుంకమ్మ పటం మీద వేలు పెట్టింది. "మహారాజా, దీని మెడ చుట్టూ బోడి చార చూడండి. కట్టేసిన గొడ్డుకు పలుపు ఒరుసుకుని ఇలాగే వెంట్రుకలు రాలతాయి. అడవిలో పులిని కట్టేసిందెవరు?"

దివాను పెరట్లో గొలుసుతో కట్టేసి పెంచుకుంటున్న పులి రాజుకు గుర్తొచ్చి, దాన్ని తెప్పించాడు. దాని మెడకూ అదే చార.

సాయంత్రానికి వాన వెలిసింది. సుంకమ్మ తలెత్తుకుని ఊళ్ళోకి నడిచింది. గడప దాటాక మాత్రం వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. మొగుడు, పెద్దోడు, చిన్నోడు. ముగ్గురూ వచ్చారు.