నాంచారమ్మకి ఎండ తగలకుండా

మా పక్క వీధి అంకినీడు ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు జిల్లా మొత్తం మీద లేరు. ఈ మాట నేను చెప్పడం లేదు. వాళ్ళే చెబుతారు, రోజూ చెబుతారు, అడగకపోయినా చెబుతారు. "మా ఇంట్లో ఎవరికీ ఒక మాట రెండోసారి చెప్పనక్కర్లేదండీ. చెప్పింది చెప్పినట్టు చేస్తాం" అంటాడు అంకినీడు. పక్కన నిలబడి ఆయన భార్య పేరిందేవి, తమ్ముడు బుల్లెయ్య తలలూపుతారు. ఆ ఇంట్లో నిజంగా బుర్ర ఉన్న మనిషి ఒక్కరే, అంకినీడు తల్లి నాంచారమ్మ. ఎనభై ఏళ్ళ మనిషి, బీపీ మాత్రలు మింగుతుంది. ఆవిడ మాట మాత్రం ఆ ఇంట్లో ఎవరూ వినరు. తెలివైనవాళ్ళు కదా మరి, ఒకరి మాట వినడం ఎందుకు?

ఆ ఏడు పల్నాడులో ఎండలు మండిపోయాయి. పక్క ఊళ్ళో ఒక పెద్దాయన వడదెబ్బ తగిలి పోయాడు. దాంతో ఆరోగ్య కేంద్రం నర్సు సువార్తమ్మ ముసలివాళ్ళున్న ఇల్లు ఒక్కటీ వదలకుండా తిరుగుతూ వీళ్ళింటికీ వచ్చింది.

"పదకొండు నుంచి నాలుగు దాకా అవ్వని ఇంట్లోనే ఉంచండి, బయటికి పంపమాకండి. కిటికీలకి తడిగుడ్డలు కట్టండి. పెద్దోళ్ళకి దాహం తెలీదు, అడక్కముందే నీళ్ళివ్వండి. ఒళ్ళు కాలిపోతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా ఎంటనే మా దగ్గరికి తీసుకురండి. ఆలస్యం చేస్తే మనిషి దక్కదు" అని చెప్పింది.

మనిషి దక్కదనే మాట వినగానే బుల్లెయ్య బావురుమన్నాడు. అంకినీడు కళ్ళు తుడుచుకున్నాడు. వాళ్ళని ఎన్నయినా అనొచ్చు గానీ, తల్లంటే ప్రేమ లేదని మాత్రం అనకూడదు. ఆ ప్రేమే లేకపోతే ఆవిడ ఇంకాస్త సుఖంగా ఉండేది.

మర్నాడు పొద్దున నాంచారమ్మ ఎప్పటిలాగే పెరట్లో తాటాకు పందిరి కింద మంచం వాల్చుకుని పడుకుంది. చుట్టూ చెట్లు, పక్కనే నీళ్ళ కుండ, చల్లగా గాలి. గడియారం పదకొండు కొట్టింది. ఇంకేముంది, ముగ్గురూ పరుగెత్తుకొచ్చి మంచంతో సహా ఆవిణ్ణి ఎత్తి రేకుల గదిలో పెట్టారు. ఆ గదిలో మధ్యాహ్నం పూట అప్పడాలు పరిస్తే వాటంతటవే వేగిపోతాయి.

"ఒరేయ్, ఇక్కడ ఉడికిపోతన్నానురా. పందిరి కిందే చల్లగుంది" అంది నాంచారమ్మ.

"పందిరి ఇంట్లో లేదు కదమ్మా. ఇంట్లో ఉంచమంది నర్సమ్మ" అన్నాడు అంకినీడు ఓపిగ్గా.

తర్వాత తడిగుడ్డల పని. కిటికీలు ఎన్నున్నాయో, గుడ్డలు ఎన్ని కావాలో చెప్పలేదు కాబట్టి పేరిందేవి ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ తడిపింది. చీరలు, పంచెలు, దుప్పట్లు, ఆఖరికి చలికాలం కప్పుకునే బొంత కూడా. అన్నీ ఆ గదికున్న ఒక్క కిటికీకి ఒకదాని మీద ఒకటి కుక్కి గట్టిగా కట్టేసి, తలుపు కూడా మూసింది. అంతే, గాలి ఆగిపోయింది. వెలుతురూ ఆగిపోయింది. గదిలో తడి ఆవిరి మొదలైంది.

"అమ్మాయ్, దాహమేస్తంది. కాసిని మంచినీళ్ళియ్యి" అంది నాంచారమ్మ.

పేరిందేవి చెంబు పట్టుకునే ఉంది. కానీ ఇవ్వలేదు, వెనక్కి దాచుకుంది. "అయ్యో అత్తయ్యా, అడిగేశారే! అడక్కముందే ఇవ్వమన్నారు. ఇప్పుడెట్టా ఇచ్చేది?"

"మరేం చెయ్యాలే?"

"కాసేపు అడక్కుండా ఉండండి. అడిగిన సంగతి మీరు మర్చిపోయాక ఇస్తా."

నాంచారమ్మ చాలా కాలం నుంచి ఈ ఇంట్లో ఉంటోంది. అందుకని గొంతు సవరించుకుని, "నాకు నీళ్ళొద్దు. చచ్చినా తాగను" అంది. అంతే, ముగ్గురూ మూడు చెంబులతో మీద పడ్డారు. తాగింది కొంత, మొహాన పడింది కొంత. మొహాన పడిందే ఎక్కువ మేలు చేసింది. అయినా ఆ గదిలో ఎంతసేపని? కాసేపటికి ఆవిడకి కళ్ళు తిరగడం మొదలైంది. అప్పుడు ఆవిడకి నిజంగానే భయం వేసింది.

"ఒరేయ్ అంకినీడూ, నా మాటినండ్రా. తలుపులు బార్లా తియ్యండి. నన్ను పందిరి కింద పడుకోబెట్టండి. తడిగుడ్డ కిటికీకి గాదు, నా ఒంటికి అద్దండి" అంది నాంచారమ్మ.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ ఇంట్లో వరసగా మూడు మాటలు అర్థమయ్యేట్టు ఎవరూ మాట్లాడింది లేదు. బుల్లెయ్య మెల్లగా అన్న చెవి దగ్గర చేరాడు.

"అన్నా, లోపలుంచితే బయటికంటంది. మూసిన తలుపు తియ్యమంటంది. కిటికీకి కట్టిన గుడ్డ ఒంటికంటంది. ఇదే అన్నా పొంతన లేని మాట!"

"అయిపోయింది! ఎంటనే తీసుకురమ్మన్నారు, పదండి" అని అంకినీడు మంచం కోడు పట్టుకున్నాడు.

"ఆగవయ్యా!" అని అడ్డం పడింది పేరిందేవి. "టైమెంత? నాలుగు దాకా అత్తయ్యని బయటికి పంపకూడదు కదా."

పెద్ద చిక్కు వచ్చి పడింది. వెంటనే తీసుకెళ్ళాలి, నాలుగు దాకా బయటికి తీసుకురాకూడదు. ముగ్గురూ చెమటలు కక్కుతూ ఆలోచించారు. ఆఖరికి అంకినీడు మొహం వెలిగిపోయింది.

"అమ్మని నాలుగు దాటాక తీసుకుపోదాం. మంచాన్ని ఇప్పుడే తీసుకుపోదాం. ఎంటనే పోయినట్టూ ఉంటది, ఎండ తగలనట్టూ ఉంటది!"

ఇంకేముంది, నాంచారమ్మని చాప మీదకి దించి, ఖాళీ మంచం భుజాన వేసుకుని బయల్దేరారు. మంచానికి ఎండ తగలకుండా బుల్లెయ్య గొడుగు పట్టాడు. పేరిందేవి దారి పొడుగునా మంచం మీద నీళ్ళు చల్లుతూ నడిచింది. వాళ్ళ తలల మీద మాత్రం చిన్న గుడ్డ కూడా లేదు. నర్సమ్మ జాగ్రత్తలు చెప్పింది ముసలివాళ్ళకి, వీళ్ళకి కాదు కదా. చెంబు నిండా నీళ్ళున్నా ఒక్క గుక్క తాగలేదు. మంచం తాగుతోంది, చాలదా?

ఆరోగ్య కేంద్రం గుమ్మంలో మంచం దించారు. దించి, ముగ్గురూ దాని పక్కనే కుప్పకూలారు.

సువార్తమ్మ పరుగున వచ్చింది. "అవ్వేదీ?"

"ఇంట్లో భద్రంగా ఉందమ్మా. తలుపులన్నీ దగ్గరికేసి వచ్చాం" అన్నాడు అంకినీడు రొప్పుతూ.

సువార్తమ్మ ఇంకో మాట అడగలేదు. వీళ్ళని లోపల పడుకోబెట్టించి, సెలైన్ పెట్టించి, దొరికిన ఆటో ఎక్కి వెళ్ళింది. రేకుల గదిలో ఎవరూ లేరు. సువార్తమ్మ పెరట్లోకి పరుగెత్తింది.

పందిరి కింద చాప పరుచుకుని, మెడ మీద తడిగుడ్డ వేసుకుని, ఉప్పేసిన మజ్జిగ తాగుతోంది నాంచారమ్మ. కాస్త నీరసంగా ఉంది గానీ చూపు నిలకడగానే ఉంది. సువార్తమ్మ చెయ్యి పట్టి చూసింది, ఒళ్ళు చల్లబడింది.

"ఒంటరిగా ఉన్నావా అవ్వా?"

"ఒంటరిగా ఉన్నా గాబట్టే బతికానమ్మా" అంది నాంచారమ్మ. తర్వాత గ్లాసు పక్కన పెట్టి, గొంతు తగ్గించి అడిగింది. "నా పిల్లలెట్టా ఉన్నారు? ఆ ఎండలో మంచమేసుకుని పోయారమ్మా, పిచ్చి సన్నాసులు."

పిల్లలకి ప్రాణాపాయం లేదని చెప్పి, ఆవిడ పక్కన కూర్చోమని ఎదురింటావిడకి అప్పగించి, సువార్తమ్మ తిరిగొచ్చింది. ముగ్గురి ముందూ నిలబడి గట్టిగా చెప్పింది. "అవ్వకేం కాలేదు, పందిరి కింద చల్లగా పడుకుంది. వడదెబ్బ మీకే తగిలింది. ఈ సీసాలో ఉన్నది మొత్తం లోపలికి పోయిందాకా ఒక్కరు కూడా మంచం దిగడానికి లేదు. అర్థమైందా?"

ముగ్గురూ బుద్ధిగా తలలూపారు. సువార్తమ్మ చేతులు కడుక్కుని రావడానికి అలా వెళ్ళిందో లేదో, తిరిగొచ్చేసరికి ముగ్గురూ మంచాలు దిగి చెప్పులు వేసుకుంటున్నారు. సెలైన్ గొట్టాలు నేల దాకా వేలాడుతున్నాయి. ఖాళీ సీసాలు దిండ్ల మీద పడున్నాయి.

"ఏం చేశారయ్యా?" అని అరిచింది.

"మీరు చెప్పిందే చేశామమ్మా" అన్నాడు అంకినీడు మూతి తుడుచుకుంటూ. "బొట్టు బొట్టుగా పోతే ఎప్పటికయ్యేను? మూత పీకి తాగేశాం. కాస్త ఉప్పగా ఉంది గానీ, మొత్తం లోపలికే పోయింది. ఇక మేం త్వరగా పోవాలి. అమ్మ బయట పందిరి కింద పడుకుందన్నారుగా, ఎత్తుకెళ్ళి మళ్ళీ గదిలో పెట్టాలి!"