తీసేసిన డ్రమ్ములు

గాజువాక ఆటోనగర్‌లో భద్రాచారి మేస్త్రీకి ఒక అలవాటు ఉండేది. బండి నుంచి తీసేసిన బ్రేకు డ్రమ్మును సమ్మెటతో పగలగొట్టనిదే షెడ్డు దాటనిచ్చేవాడు కాదు. స్ప్రింగులైతే గ్యాసుతో రెండుగా కోయించేవాడు. ముక్కలే తుక్కు బండి ఎక్కేవి. చుట్టుపక్కల షెడ్లవాళ్ళు నవ్వుకునేవారు. పక్కనే కార్ల సీట్లు కుట్టుకునే నేనూ పదేళ్ళపాటు నవ్వాను. ఇనుమంటే ఈయనకి ఇంత కక్షేమిటో అనుకునేవాణ్ణి.

పదో ఏడు ఒక ఎర్ర స్పోర్ట్సు కారు వచ్చింది. రెండే సీట్లు, ముప్పై ఏళ్ళనాటిది. యజమానికి దాని పాత ఒళ్ళంటే ప్రాణం, పాత నడక మాత్రం అక్కర్లేదు. అదే కంపెనీ తర్వాత తెచ్చిన మోడల్ నుంచి సస్పెన్షనూ, డిస్కు బ్రేకులూ సంపాదించి తెచ్చి, వీటిని కింద బిగించమన్నాడు. కొత్త సామాను పాత చట్రానికి ఒక పట్టాన కుదరదు. మేస్త్రీ, ఆయన శిష్యుడు జోగారావు పద్దెనిమిది రోజులు నేలమీద పడుకుని కొలతలు తీసి, బ్రాకెట్లు చేసి, బిగించి, నచ్చక విప్పి, మళ్ళీ బిగించారు. నా సీట్ల పని ఎప్పుడో అయిపోయింది. అయినా అక్కడే కూర్చుని చూసేవాణ్ణి. పనంటే అలా ఉండాలి.

పని ముగిశాక పాత డ్రమ్ములు నాలుగూ మూలన మిగిలాయి. జోగారావు వాటిని కిరసనాయిలుతో కడిగి, తుడిచి, వరుసగా పేర్చాడు. అతనికి ముప్పై దాటాయి. తొమ్మిదేళ్ళుగా మేస్త్రీ దగ్గర పని నేర్చుకుంటూ ఒక్కనాడూ ఎదురు మాట అన్న మనిషి కాదు. ఆ సాయంత్రం మాత్రం నోరు విప్పాడు.

"మేస్త్రీ గారూ, మొన్నటిదాకా ఇవి బాగానే ఆపాయి కదండీ. మా బావ టాక్సీ చక్రాలకి సరిగ్గా ఇదే కొలత. ఆయన బండికి బ్రేకులు ఉన్నా లేనట్టే. దాంతోనే అరకు ఘాట్‌లో జనాన్ని తిప్పుతున్నాడు. ఉన్నవాడు వద్దనుకున్నది లేనివాడికి పనికొస్తే తప్పేటి? ఎందుకు పగలగొట్టడం?"

అడగడంతో ఆగలేదు, బావకి ముందే కబురు పెట్టేశాడు. రేపు సాయంత్రానికి బండి తెస్తానని ఆయన చెప్పాడట. చిన్నప్పుడే తల్లి పోతే జోగారావుని పెంచింది ఆ బావని పెళ్ళాడిన అక్కే. ఆమె మొగుడు రోజూ క్షేమంగా కొండ దిగి ఇంటికి రావాలన్నదే అతని తాపత్రయం. అందులో నాకూ తప్పేమీ కనిపించలేదు.

మేస్త్రీ చేతులు కడుక్కుని ఇంటికి వెళ్ళిపోయాడు. మర్నాడు తెల్లారగానే మమ్మల్నిద్దర్నీ పిలిచి శృంగవరపుకోట బస్సు ఎక్కించాడు. నేనెందుకని అడిగితే, "నువ్వూ నవ్వావు కదా" అన్నాడు. 

ఊరి చివర ఒక రేకుల ఇల్లు. వసారాలో యాభై ఏళ్ళ ఆవిడ చింతపండులో గింజలు తీస్తూ కూర్చుంది. పేరు నూకరత్నం. మేస్త్రీని చూసి లేచి చాప వేసి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. గాలికి తలుపు పడిపోకుండా దానికి ఒక బ్రేకు డ్రమ్ము అడ్డం పెట్టి ఉంది. అంచు నుంచి మధ్యదాకా చీలి, ఒక పక్క ముక్క లేదు. జోగారావు వంగి చూసి, జానతో కొలిచాడు. షెడ్డులో అతను కడిగి పెట్టినవీ అదే కొలత.

టీ గ్లాసులు తెచ్చిన నూకరత్నం అతని చూపు ఎక్కడుందో గమనించింది.

"మేస్త్రీ గారు ఇచ్చిందే బాబూ. పన్నెండేళ్ళయింది. ఎవరో గొప్పోళ్ళు చిన్న కారుకి కొత్త బ్రేకులు వేయించుకుంటే, తీసేసినవి మా ఆయన టాక్సీకి ఊరికే ఇచ్చారు. దండం పెట్టి మరీ తెచ్చుకున్నాడు. అంతకు ముందు ఘాట్ దిగాలంటే మొదటి గేరు తప్ప వేసేవాడు కాదు. నడిచి దిగినా ఇంతకంటే ముందు పోతామని జనం తిట్టేవోళ్ళు. ఇవి వేశాక, భద్రాచారి గారు ఇచ్చిన బ్రేకులు, ఇంకేటి భయం అన్నాడు. ఆదివారం సంతకి తొమ్మిదిమందిని ఎక్కించుకున్నాడు."

అక్కడితో ఆపి మళ్ళీ చింతపండు ముందు వేసుకుంది. ఇద్దరు కూర్చునే కారును ఆపిన డ్రమ్ములు అవి. తొమ్మిదిమంది బరువుతో, వంపు తర్వాత వంపు తొక్కుతూ దిగుతుంటే కాగిపోయి, ఒకటి పగిలింది. లోయలో పడ్డ బండిలోంచి అయిదుగురు ప్రాణాలతో రాలేదు. అందులో ఆవిడ భర్త ఒకడు. ఇదంతా తర్వాత బస్టాండులో మేస్త్రీ రెండు ముక్కల్లో చెప్పాడు.

మేం లేచేటప్పుడు నూకరత్నం జోగారావుతో అంది: "ఏడాదికి రెండుసార్లు వస్తారు బాబూ, వచ్చి తల దించుకుని కూర్చుంటారు. నువ్వయినా చెప్పు. ఆయన తప్పేటుంది? మంచికే ఇచ్చారు."

మేస్త్రీ తల ఎత్తకుండానే చెప్పులు వేసుకుని వసారా దిగాడు. ఆవిడ నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండునని నాకనిపించింది.

మేం షెడ్డుకి వచ్చేసరికి జోగారావు బావ రామునాయుడు వచ్చి ఉన్నాడు. మేస్త్రీ కోసమని బుట్టెడు సీతాఫలాలు తెచ్చాడు. కడిగి పెట్టిన డ్రమ్ముల పక్కనే గొంతుక్కూర్చుని, ఒకదాన్ని అరచేత్తో రాస్తూ, "కొత్తవాటిలా ఉన్నాయిరా జోగీ" అన్నాడు సంబరంగా.

జోగారావు ఆయన ముఖం చూడలేదు. గోడకి ఆనించి ఉన్న సమ్మెట తీసుకుని, ఆయన చేతి కింది డ్రమ్ము పక్కకి లాగి కొట్టాడు. అంచు కాస్త చిట్లింది, అంతే.

రామునాయుడు లేచి నిలబడ్డాడు. "ఇవ్వడం ఇష్టం లేకపోతే కబురెందుకు పెట్టావు? ఇంత దూరం పిలిచి నా కళ్ళెదుటే పగలగొట్టాలా?"

"బండి నాలుగు రోజులు ఇక్కడ వదిలి వెళ్ళు నాయుడూ," అన్నాడు మేస్త్రీ. "కొత్తవి నేను వేసి ఇస్తాను."

"సీజను మేస్త్రీ గారూ. బండి ఆగితే ఇంట్లో పొయ్యి వెలగదు." అని, ఇంకో మాట వినకుండా బండెక్కాడు. పళ్ళబుట్ట అక్కడే వదిలేశాడు. ఎంత కోపంలో ఉన్నా బండిని మొదటి గేర్లోనే పోనిచ్చాడు. ఆ ఇంజను మూలుగు వీధి మలుపు దాటేదాకా వినిపిస్తూనే ఉంది.

జోగారావు సమ్మెట మీద రెండు చేతులూ ఆనించి ఏడుస్తున్నాడు. "ఆ బ్రేకులు అస్సలు పట్టవు మేస్త్రీ గారూ."

"ఆ సంగతి ఆయనకి తెలుసు, అందుకే మొదటి గేరు దాటడు," అన్నాడు మేస్త్రీ. చిట్లిన డ్రమ్మును కాలితో మళ్ళీ అతని ముందుకు జరిపాడు. "గట్టిగా కొట్టు. బీటలిచ్చాక వదిలేస్తే, మనలాంటి దయగలవాడెవడో అతికించి ఇంకొకడికి ఇస్తాడు."