బొజ్జ పెంచిన రాజదండం

మందరగిరి ప్రభువు ఉద్దండరాయలవారికి ఒకనాటి మధ్యాహ్నం భోజనం అరక్క ఒక ఆలోచన పుట్టింది. ఆయనకి గొప్ప ఆలోచనలన్నీ ఆ వేళకే పుట్టేవి.

కొత్త రాజదండం కావాలి. పంచలోహంతో, బారెడు పొడవున, వేలంత లావున, అతుకు లేకుండా ఉండాలి. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే లావుండాలి. అదీ రేవు వర్తకులు తనకి కానుకగా ఇచ్చిన తరిమెన మీదే తయారవ్వాలి. లోహాన్ని గిరగిరా తిప్పుతూ ఉలితో నున్నగా చెక్కే ఆ యంత్రం మీద అప్పటిదాకా కుంకుమభరిణెలు తప్ప మరేవీ చెయ్యలేదు. ఆ సంగతి రాయలవారికి చెప్పే ధైర్యం ఎవరికుంది?

పని కొలువులోని లోహపు పనివాడు కాచన్న మీద పడింది. తరిమెన పట్టడంలో వాడి చెయ్యి మంచిది. పర్యవేక్షణ మాత్రం ఆస్థాన యంత్రవిశారదులు మార్తాండభట్టుగారిది. పర్యవేక్షణ అంటే, కాచన్న చెమటోడుస్తుంటే ఆయన పీట వేసుకుని తన గ్రంథంలోని శ్లోకాలు వినిపించడం. యంత్రాల మీద ఆయన రాసిన గ్రంథం చాలా పెద్దది. యంత్రాన్ని ముట్టుకున్న పాపాన మాత్రం ఎన్నడూ పోలేదు.

దండం సభకొచ్చింది. కొసలు రెండూ సన్నగా ఉన్నాయి, నడుమ మాత్రం ఉబ్బి ఉంది. సభికులంతా నేలకేసి చూస్తూ కూర్చున్నారు. విదూషకుడి కొలువు చేసే సింగనకి ఒక్కడికే నోరు ఊరుకోలేదు.

"దండానికి నెలలు నిండినట్టున్నాయి మహాప్రభూ."

రాయలవారి చెయ్యి తెలియకుండానే తన బొజ్జ మీదికి పోయింది. ఆయన నవ్వలేదు.

భట్టుగారు లేచి గొంతు సవరించుకున్నారు. "శాస్త్రంలో లోపం లేదు ప్రభూ. ఈ కాచన్న చేతికి వణుకుంది. ఇలాంటివాణ్ణి కొలువులో ఉంచుకోవడం అరిష్టం. ఆలుబిడ్డలతో సహా పొలిమేర దాటించెయ్యాలి."

కాచన్న మొహం పాలిపోయింది. సింగన ముందుకొచ్చాడు.

"చేతికి వణుకుంటే దండమంతా వంకరలు పోవాలి. సరిగ్గా నడుమే ఎందుకు ఉబ్బింది?"

"అయితే నువ్వే దగ్గరుండి చేయించు," అన్నారు రాయలవారు చిరాగ్గా. "పౌర్ణమికి దండం తిన్నగా రాకపోతే వాడితోపాటు నువ్వూ పొలిమేర దాటు."

భట్టుగారి మొహం వెలిగిపోయింది.

సింగన తరిమెన పక్కన కూర్చుని పని జరుగుతుంటే చూశాడు. కోటలో అప్పటిదాకా ఏ విశారదుడికీ తట్టని ఉపాయం అది. కడ్డీని రెండు కొసల దగ్గరా యంత్రం బిగించి పట్టింది. అక్కడ ఉలి చక్కగా తెగుతోంది. నడుమకొచ్చేసరికి ఉలి ఆనగానే కడ్డీ వెనక్కి వంగి తప్పుకుంటోంది, పని కనిపించిన భట్టుగారిలాగ. అక్కడ తెగకుండా మిగిలిందే బొజ్జ.

"దీని నడుముకి ఆసరా లేదు కాచన్నా," అన్నాడు సింగన.

ఇద్దరూ కలిసి విరిగిన బండి చక్రం ఒకటి లాక్కొచ్చారు. ఊచల్లా ఉండే ఆకులు పీకేసి, నడిమి గుండ్రటి మొద్దును తరిమెన బల్లకి బిగించారు. దాని బెజ్జం వెడల్పు చేసి, కడ్డీని అందులోంచి దూర్చారు. ఆకులు దిగే తొర్రల్లో మూడింటిని లోపలిదాకా తొలిచి, మూడువైపుల నుంచీ చింతచేవ మేకులు దింపారు. సింగన ఉత్సాహం కొద్దీ వాటిని సుత్తితో బిగగొట్టాడు. కడ్డీ కీచుమంది, కాలింది, గాట్లు పడింది.

"గొంతు పిసికితే అరవదా బాబూ," అన్నాడు కాచన్న.

సింగన సిగ్గుపడి మేకులు వదులు చేశాడు. ఈసారి అవి కడ్డీని తాకీ తాకనట్టు నిలిచాయి. నాలుగు చుక్కలు ఆముదం వేశారు. ఒక సగం చెక్కాక మొద్దును జరిపి రెండో సగం చెక్కారు. నడుము ఇక కదల్లేదు.

పౌర్ణమినాడు రాయలవారు తన వేలి ఉంగరం తీసి దండానికి తొడిగారు. అది ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎక్కడా తట్టుకోకుండా జారింది.

"ఇది మోసం మహాప్రభూ," అన్నారు భట్టుగారు. "మూడు కొయ్యమేకుల ఆసరాతో నిలబడ్డ దండం ఇది. పరరాజులు వింటే మందరగిరి ఏలిక తనంతట తాను నిలవలేడంటారు. దీన్ని కరిగించండి, వీళ్ళిద్దర్నీ పంపించెయ్యండి."

రాయలవారి మొహం మారింది. పరువు మాట చెవిన పడితే ఆ ప్రభువు ఇక ఎవరి మాటా వినడు. సింగన దిక్కుతోచక తలెత్తి సింహాసనం వైపు చూశాడు. రాయలవారు అటొక బాలీసు దిండు, ఇటొక బాలీసు, వెనకొక బాలీసు పెట్టుకుని ఠీవిగా కూర్చుని ఉన్నారు. సింగన చేతులు జోడించాడు.

"భట్టుగారన్నది అక్షరాలా నిజం ప్రభూ. ఆసరా అంటేనే నామర్దా. అంచేత ఏలినవారి చుట్టూ ఉన్న ఆ మూడు బాలీసులూ భట్టుగారే స్వయంగా వచ్చి లాగేస్తే, మందరగిరి పరువు దక్కుతుంది."

రాయలవారు మోచేతిని బాలీసు మీద ఇంకాస్త గట్టిగా ఆన్చారు.

"ఏం భట్టుగారూ, లాగేస్తారా?" అని అడిగారు.

భట్టుగారు రెండడుగులు వెనక్కి వేశారు. "రామరామ, ఎంతమాట. అదీ ఇదీ ఒకటేనా ప్రభూ? బాలీసులు ఏలినవారిని మొయ్యడం లేదు, ఊరికే తాకుతున్నాయి. నిటారుగా కూర్చున్న బలం ఏలినవారిదే. పక్కకి ఒరగకుండా అవి కాస్త కనిపెట్టుకుని ఉంటాయి, అంతే."

సింగన ఆయనకి సాష్టాంగపడ్డాడు.

"నా మూడు మేకులూ చేసింది అచ్చంగా ఇదే ప్రభూ. ఇంత బాగా చెప్పడం నాకు చేతకాలేదు."

రాయలవారి బొజ్జ కదిలింది. తర్వాత భుజాలు కదిలాయి. ప్రభువు నవ్వుతున్నారని రూఢి చేసుకున్నాక సభంతా నవ్వింది. దండానికున్న ఉంగరం తీసి ఆయన కాచన్న చేతిలో పెట్టి, కొలువు నీదేనన్నారు.

"సింగన తరఫున అంత చక్కగా వాదించారు కదా భట్టుగారూ, వాడి సన్మానం కూడా మీ చేతుల మీదుగానే కానివ్వండి," అన్నారు.

భట్టుగారు తన భుజం మీది పట్టుశాలువా తీసి సింగనకి కప్పారు. కప్పుతూ ఆయన పళ్ళు కొరికిన చప్పుడు, ఆ నవ్వుల్లో సింగనకి ఒక్కడికే వినిపించింది.