మందకు వచ్చిన కొత్త డాక్టరమ్మ

కొండ మీద ఎలుగుబంటి ఓబులయ్య జంతువులకు వైద్యం నేర్పేది. చదువు ముగిసేముందు శిష్యులంతా కొన్నాళ్లు కింద ఊళ్ల మందల్లో పనిచేసి తీరాలని ఆ గురువు పట్టు. కోతి, నెమలి మూతి ముడిచాయి. బురద, పేడ, రక్తం పీల్చే గోమార్లు ఎవరికి కావాలి? సింహంగారి కొలువులో అయితే ఎంత దర్జా! ముంగిస మునెమ్మ మాత్రం ఎగిరి గంతేసింది. తాను చదివిన రోగాలు నిజంగా ఎలా ఉంటాయో చూడాలని దానికి ఒకటే ఆరాటం.

అది గొర్రెల దొడ్డి చేరేసరికి అక్కడంతా గోల. తానూ డాక్టరునేనంటూ వచ్చిన నక్క నాగన్న, కుంటుతున్న ఓ బొద్దు గొర్రెపిల్లను చూపిస్తోంది.

“గాలికుంటు! కాలికి వచ్చేసింది, ఇక నోట్లోంచి చొంగ కారడమే తరువాయి. మందలో ఉంచితే అందరికీ అంటుకుంటుంది. నాతో పంపండి, వాగవతల విడిగా ఉంచి నయం చేస్తాను.”

తల్లిగొర్రె ఎంకమ్మ ఏడుస్తూనే పిల్లను ముందుకు నెట్టింది.

“నేనూ ఓసారి చూడనా పిన్నీ?” అంది మునెమ్మ. పిల్ల నోరు తెరిచి చూసింది. గాలికుంటుకు ఉండాల్సిన పుండ్లు లేవు. గిట్టల నడుమ తడిమితే కెవ్వుమంది. “రోగం కాదు పిన్నీ, తుమ్మముల్లు!”

“నిన్నగాక మొన్న వచ్చిన పిల్లవి, నీకేం తెలుసు?” పొట్టేలు వీరప్ప కసిరింది. “నాగన్న పెద్ద డాక్టరు.”

మునెమ్మ దిక్కుతోచక నక్క వంక చూసింది. గొర్రెపిల్ల దగ్గరికి వచ్చేకొద్దీ నక్క నోటి చివర్నించి ఏదో తీగలా సాగుతోంది. ఇదేం లక్షణం?

“నాగన్న మామా, చొంగ కారితే గాలికుంటేనా?”

“ముమ్మాటికీ!”

“అలాంటివాళ్లని మందకు దూరంగా తరిమేయాలా?”

“తక్షణం!”

“అయితే అందరూ వెనక్కి జరగండి! మామ గడ్డం చూడండి!”

గొర్రెలు హడలిపోయాయి. వీరప్ప కొమ్ములు దించింది.

“ఆగండాగండి! ఇది రోగం కాదు!” నక్క గబగబా మూతి తుడుచుకుంది.

“మరేంటి మామా? చెప్పు, నేర్చుకుంటాను.”

“ఆకలే! పొద్దున్నించీ ఏమీ తిన...”

మాట పూర్తికాకముందే వీరప్ప కుమ్మిన కుమ్ముకు నక్క కంచె అవతల పడింది. మునెమ్మ పళ్లతో ముల్లు లాగేసింది. వీరప్ప కాసేపు అటూ ఇటూ చూసి, సిగ్గుపడుతూ తన కాలు ముందుకు చాచింది.

“డాక్టరమ్మా, ఇది కూడా ఓసారి చూస్తావా?”

నీతి: రోగం పేరు నమ్మేముందు రోగిని చూడాలి, ఆ పేరు చెప్పినవాడి మొహమూ చూడాలి.