పిచ్చుకలు వాలని చేను

అనగనగా ఎండలు హద్దు మీరిన ఒక ఏడు, ఏటి ఒడ్డున నల్లంక అనే ఊళ్ళో గవరయ్య అనే రైతు ఉండేవాడు. మనిషి మంచివాడే, కాస్త గొప్పలు చెప్పుకునే గుణం ఉంది, పాపం. అతను వడిసెల తిప్పి రాయి విసిరితే పిట్టలు పొలిమేర దాటాల్సిందేనని ఊరంతా అనేది. ఊరికన్నా ముందు అతనే అనేవాడు.

ఆ వేసవిలో వరి పూతకొచ్చింది. వరిపువ్వు పొద్దెక్కాక విచ్చుకుంటుంది, కాసేపుండి ముడుచుకుంటుంది. సరిగ్గా ఆ కాసేపూ నిప్పులు చెరిగినట్టు ఎండ కాసింది.

గింజ పాలుపోసుకునే రోజులు రాగానే గవరయ్య మంచె ఎక్కాడు. మొదటి రోజు పిచ్చుకల గుంపు వచ్చి, అతని చేను చుట్టూ తిరిగి, పక్కనున్న పేరంటాలవ్వ చేలో వాలింది. రెండో రోజూ అంతే. మూడో రోజు ఇటువైపే రాలేదు.

"చూశావా అవ్వా, నా వడిసెలంటే ఎంత భయమో!"

"నా చేలో తిననీరా. వాటికీ ఆకలుంటుంది కదా," అంది అవ్వ.

ఆమెది పాతకాలపు పొట్టి వరి. తెల్లవారుతూనే పూసి, ఎండ ముదిరేలోపు ముడుచుకుంటుంది. ఆ విత్తనమంటే ఊరందరికీ నవ్వులాట.

ఆ సాయంత్రం రాజుగారు అటుగా వచ్చారు. నిటారుగా నిలబడ్డ వెన్నులు, ఒక్క పిట్టా లేని చేలు చూసి మురిసిపోయారు. ఇదంతా తన వడిసెల చలవేనని చెప్పుకున్న గవరయ్యకు పట్టు శాలువా కప్పారు.

"ఇంత పంట వస్తుంటే ఊరి కొట్లలో పాత ధాన్యం దేనికి? రేపే పడవలెక్కించి పొరుగు రాజ్యానికి అమ్మేయండి," అన్నారు తన మనుషులతో.

మర్నాడు గవరయ్య శాలువా కప్పుకునే మంచె ఎక్కాడు, అంత ఎండలోనూ. ఒక ముసలి పిచ్చుక వచ్చి వాలింది.

"గవరయ్య మామా, ఒక మాట చెబుతాను, రాయి విసరవు కదా?"

"చెప్పు."

"మేం నీకు భయపడి మానలేదు. నీ చేలో గింజకు పాలు లేవు."

గవరయ్య దిగి గట్టు పక్క వెన్ను నొక్కి చూశాడు. తాలు. నడిచేలో నొక్కాడు. తాలు. చివరి మడిలోనూ తాలే. పూత విచ్చుకున్న వేళ కాసిన ఎండకు గింజే కట్టలేదు, అందుకే వెన్నులు వంగలేదు. గట్టు మీద కూలబడి ఏడ్చాడు. ఊరందరి చేలూ ఇంతేనన్నమాట. కొట్లలో ధాన్యం కూడా పోతే పిల్లలకు ఏం పెట్టాలి?

"నిజం చెబితే నా పరువేం కాను అవ్వా?" అన్నాడు, పక్క చేలోంచి వచ్చిన అవ్వతో.

"పరువు వండి పెడతావా నాయనా పిల్లలకి?" అంది అవ్వ, తన కొంగుతో అతని కళ్ళు తుడుస్తూ.

గవరయ్య రేవుకు పరుగెత్తాడు. అక్కడ పడవలు నింపించుతున్న రాజుగారి ముందు శాలువా తీసి పెట్టాడు.

"మహారాజా, పిట్టలు నాకు భయపడి కాదు, గింజ లేక రాలేదు. గొప్పకు పోయాను. పడవలు ఆపించండి."

రాజుగారు అతను తెచ్చిన వెన్నును తానే నలిపి చూశారు. వేళ్ళకు ఊక తప్ప ఏమీ అంటలేదు. ఆయన ముఖం చిన్నబోయింది. పడవలు ఆగిపోయాయి.

ఆ ఏడు ఊరంతా పాత ధాన్యంతోనే గట్టెక్కింది. మరుసటేడు విత్తనాల కోసం అందరూ అవ్వ గుమ్మం ముందు నిలబడ్డారు. ఆమె ఎవరినీ దెప్పలేదు. గవరయ్యకు మాత్రం ఒక దోసెడు ఎక్కువ పోసింది.

పిల్లలూ, పొగడ్త వచ్చి ఒళ్ళో పడ్డా, అది నిజం కాదని ముందుగా ఒప్పుకున్నవాడే నలుగురి కడుపూ కాపాడతాడు.