పట్టుకునేవాళ్ళు

ఆ నగరంలో కాలువల నిండా ఎర్రటి నీళ్ళు పారేవి. ప్రతి ఇంటికీ తిండీ, వెచ్చదనమూ ఆ నీళ్ళే. గట్టు తెగితే పూడ్చేవాళ్ళు మట్టి తట్టలతో పరుగెత్తుకొచ్చేవాళ్ళు. మంచివాళ్ళే, కానీ ఒకసారి మొదలుపెడితే ఆగడం వాళ్ళకు చేతకాదు. గండితో పాటు కాలువనూ పూడ్చేసేవాళ్ళు.

అందుకే పట్టుకునేవాళ్ళుండేవాళ్ళు. గండి పూడగానే ఒక్కొక్కడు ఒక్కో పూడ్చేవాణ్ణి వాటేసుకుని నీళ్ళలోకి దూకేవాడు. ఇద్దరూ కొట్టుకుపోయేవాళ్ళు. తిరిగి రావడమన్నది లేదు. వాళ్ళ బదులు కొండమీది ఊరి నుంచి కొత్తవాళ్ళు నిదానంగా దిగివచ్చేవాళ్ళు.

రోజూ పొద్దున్నే ఒకామె పట్టుకునేవాళ్ళను వరసగా నిలబెట్టి, భుజాలు తాకుతూ లెక్క చూసి రాజుకు చెప్పేది. వరస నిండుగా ఉంటే నగరం ఆరోగ్యంగా ఉన్నట్టు. పలచబడితే రాజు ముఖం మాడ్చుకునేవాడు. ఆ వరసలో ఆమె తమ్ముడు కూడా ఉన్నాడు. తల్లి పోయాక ఆమే అన్నం కలిపి పెట్టి పెంచింది. వాడి భుజం చేతికి తగిలేదాకా ఆమెకు ఊపిరాడేది కాదు.

ఒక వానాకాలం గట్లు ఎక్కడపడితే అక్కడ తెగాయి. ఆమె తమ్ముణ్ణి వాకిట్లో ఆపింది.

"ముందే ఎగబడకురా. కాస్త వెనకాల ఉండు."

"మరి వాళ్ళనెవరు పట్టుకుంటారక్కా?"

"నువ్వొక్కడివి లేకపోతే కొంపలేం మునగవులే. ఎవరో ఒకరు పట్టుకుంటారు."

అతను తల వంచుకుని సరేనన్నాడు.

మర్నాడు చూస్తే వరసలో ఒక్కడూ తగ్గలేదు. తమ్ముడి భుజం తగలగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. రాజైతే పొంగిపోయాడు.

"ఇన్ని గండ్లు పడ్డా అందరూ ఉన్నారా! ఇంతకంటే ఆరోగ్యం ఏముంటుంది?"

ఆమె ఇంటికి తిరిగొస్తుంటే చివరి వీధి కాలువ బురదతో మూసుకుపోయి కనిపించింది. ఒక ముసలావిడ మనవడి పాదాలు రెండు చేతులతో రుద్దుతోంది. అవి నల్లబడుతున్నాయి.

"వరసలో మనవాళ్ళంతా క్షేమమేనటగా తల్లీ?"

"క్షేమమేనమ్మా."

"మరి నీళ్ళేవీ?"

తను తమ్ముడికి చెప్పిన మాటే నగరంలో ప్రతి వాకిట్లోనూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఆ సంగతి అప్పటిదాకా ఆమెకు తట్టనే లేదు.

ఇంట్లో తమ్ముడు అన్నం తింటున్నాడు. ఎదురుగా కూర్చుని పెరుగు వేసింది. తినడం అయ్యేదాకా ఆగింది.

"నిన్న నేను చెప్పింది మరిచిపోరా."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. చెయ్యి కడుక్కుని, కాలువ వైపు వెళ్ళాడు. వెనక్కి పిలవాలని ఆమెకు గొంతుదాకా వచ్చింది. పమిట నోట్లో కుక్కుకుంది. అతన్ని చూసి పక్కింటివాడు లేచాడు, వాణ్ణి చూసి మరొకడు.

తెల్లారి ఆమె రాజు ముందు నిలబడింది.

"వరస బాగా పలచబడింది ప్రభూ."

"అయ్యో! నగరానికి ఏం జబ్బు చేసింది?"

కోట గోడ పక్క కాలువలో నీళ్ళు కదిలిన చప్పుడైంది. అది వింటూ, రాజు ముందే కూలబడి భోరుమంది.