వయసుకు వేసిన శిక్ష

అయ్యవారికి ప్రశ్న అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాళ్ళ చేతికి ముందు ఏదో ఒక పని అందించేవారు. గోరుచిక్కుళ్ళు తుంచమనడమో, తోటలో గడ్డి పీకమనడమో. పని చేస్తూ మాట్లాడమనేవారు. చేతులు ఖాళీగా ఉంటే మనిషి తన మాట తనే విని మురిసిపోతాడని ఆయన అనుమానం. పార్వతీపురం దాటాక కొండ వారనున్న ఆయన పెంకుటింటికి ఆదివారం పూట జనం వచ్చేది గీతాపాఠం కోసమే అయినా, పాఠం అయ్యాక సగంమంది ఏదో ఒక గోడు వెళ్ళబోసుకోవడానికి వెనకే ఉండిపోయేవాళ్ళు. ఆయన ఒకప్పుడు సంస్కృత కళాశాలలో తర్కం చెప్పిన మనిషి. ఏళ్ళ తరబడి వాదించడం నేర్పినందుకే కాబోలు, వాదనంటే విసుగు. పైగా కాస్త కోపిష్టి. చిరునవ్వుతో తల నిమిరే గురువు కావాలనుకున్నవాళ్ళు కొన్ని వారాలు వచ్చి మానేశారు.

సత్యవేణి మానలేదు. ఆమె పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హెడ్ నర్సు. యాభై దాటాయి. సూది పడినా వినిపించేంత నిశ్శబ్దంగా వార్డు నడిపిన రోజులు చూసిన మనిషి. ఆ వేసవిలో ఒక ఆదివారం ఆమె పాఠం ఒక్క ముక్క వినలేదు. జనం కదలగానే అయ్యవారి ఎదుట చాప మీద కూలబడింది. ఆయన గోరుచిక్కుళ్ళ చేట ముందుకు జరిపారు.

"అయ్యవారూ, ఈకాలం పిల్లలతో పని చేయించడం ఎలా?" అంది ఆమె.

ఆయన పలకలేదు. పలకరని ఆమెకు తెలుసు. చిక్కుళ్ళు తుంచుతూ చెప్పుకుపోయింది. కొత్తగా చేరిన పిల్లలు పెద్దవాళ్ళు వస్తే లేచి నిలబడరట. చెప్పిన పనికి ఎందుకని అడుగుతారట. చేతిలో ఫోను వదలరట. తన రోజుల్లో సీనియర్ నర్సు ఇంటికి వెళ్ళమంటేనే వెళ్ళేవాళ్ళమనీ, వీళ్ళు గడియారం ముల్లు చూసుకుని సంచీ భుజాన వేసుకుంటారనీ చెప్పింది. వెనకాల తనకు హెడ్‌మాస్టరని పేరు పెట్టారని కూడా చెప్పింది. ఆ ముక్క చెప్పేటప్పుడు చిక్కుడుకాయ అడ్డంగా విరిగింది.

అసలు సంగతి ఆ తరువాత వచ్చింది. గడిచిన గురువారం మధ్యాహ్నం ఆడవాళ్ళ వార్డులో ఒక ముసలామెకు ఎక్కుతున్న సెలైన్ సీసా ఖాళీ అయిపోయింది. చూసేవాళ్ళు లేక రక్తం గొట్టంలోకి ఎదురెక్కింది. ప్రాణానికేం కాలేదు గానీ, ఆమె కొడుకులు వార్డు దద్దరిల్లేలా అరిచారు. పొద్దుటి డ్యూటీలో ఉన్న కెజియా అనే పిల్ల, వేళ అయింది కదా అని, తరువాతి నర్సు రాకుండానే వెళ్ళిపోయింది. మేనేజరు సత్యవేణిని పిలిచి, ఆ పిల్లను తీసేద్దామనుకుంటున్నాననీ, హెడ్ నర్సుగా మీ మాట ఒక్కటి చాలుననీ అన్నాడు. సోమవారం చెప్తానని ఆమె వచ్చేసింది.

"ఏం చెప్పాలనుకుంటున్నావు?" అని అడిగారు అయ్యవారు.

తీసేయమనే చెప్పాలనుకుంటున్నాననీ, కాకపోతే ఒకరి అన్నం విషయం కాబట్టి మీ చెవిన వేస్తున్నాననీ అంది సత్యవేణి.

అయ్యవారు పెద్దగా నిట్టూర్చారు. తనదీ అదే బాధ అన్నారు. సంక్రాంతి వెళ్ళాక తోటపనికి ఒకణ్ణి పెట్టుకున్నారట. చెప్పింది చెవిన పెట్టడట. నీళ్ళు పెడుతూ పెడుతూ సగంలో వదిలేసి ఎక్కడో నడుం వాలుస్తాడట. అడిగితే ఎదురు చెప్తాడట. వాడి పుణ్యమా అని పెరట్లో వంగమడి మొత్తం మాడిపోయింది. ఆమెను చేయి పట్టుకుని లేపినంత పనిచేసి, పెరట్లోకి తీసుకెళ్ళి చూపించారు. మొక్కలు నిలువునా గోధుమరంగుకు తిరిగి, ముట్టుకుంటే చిట్లుతున్నాయి. పక్కనే బావి ఉంది. బావిలో నీళ్ళూ ఉన్నాయి. సత్యవేణికి తన వార్డే కళ్ళకు కట్టింది.

"ఉంచమంటావా, పంపేయమంటావా?" అన్నారు.

"పంపేయండి అయ్యవారూ. ఇందులో ఆలోచించడానికేముంది? ఈకాలం కుర్రాళ్ళంతే. వాళ్ళకి మొక్కయినా ఒకటే, మనిషైనా ఒకటే," అంది సత్యవేణి. ఆ మాట అన్నాక గుండెల మీద బరువు కొంచెం దిగినట్టనిపించింది.

అయ్యవారు వీధి అరుగు వైపు తిరిగి, "పారినాయుడూ, ఇలా రా," అని కేకేశారు.

రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చినవాడు డెబ్బై ఏళ్ళ మనిషి. తెల్లటి మీసం, భుజాన తువ్వాలు, బుగ్గ మీద చాప అచ్చులు. సత్యవేణి ఆయనను చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. ప్రతి ఆదివారం అరుగు మీద కళ్ళు మూసుకుని కనిపించే ఈ పెద్దాయన ఎవరో ధ్యానంలో ఉన్న భక్తుడనుకుని, వచ్చేటప్పుడూ వెళ్ళేటప్పుడూ ఆమె దణ్ణం పెడుతూ వచ్చింది. ఆయన ఎప్పుడూ కాదనలేదు కూడా.

"మా తోటమాలి ఇతనే," అన్నారు అయ్యవారు.

సత్యవేణి ముఖం మెత్తబడిపోయింది. "అయ్యో, పెద్దాయన! ఈ ఎండలో ఆ వయసు మనిషి చేద లాగగలడా అయ్యవారూ? ఏదో మరిచిపోయి ఉంటాడు. ఈసారికి వదిలేయండి," అంది.

అయ్యవారు ఆమె వైపు చూడలేదు. "నాయుడూ, ఈ పడక ఎప్పటి నుంచి? వయసు మీద పడ్డాకేనా?" అని అడిగారు.

పారినాయుడు ఆ ప్రశ్నకు నొచ్చుకోలేదు. కాస్త గర్వంగానే చెప్పాడు. "లేదు బాబూ. సిన్నప్పట్నుంచీ ఇంతే. మా అయ్య నన్ను తిట్టుకుంటూనే పోనాడు. ఇప్పుడు మా ఆడది తిడతంది." బావి దూరమా అని అడిగితే కాదన్నాడు. ఒంట్లో నలతా అని అడిగితే, రాయిలా ఉన్నానన్నాడు. మరి నీళ్ళెందుకు పెట్టలేదంటే, పెడదామనే అనుకున్నాననీ, ఈలోగా నిద్ర పట్టిందనీ చెప్పాడు. రేపటి నుంచి ఎండెక్కకముందే నీళ్ళు పెట్టాలనీ, తోట తడిశాకే అంబలి తాగాలనీ అయ్యవారు గట్టిగా చెప్పారు. సరేనని తల ఊపి అతను అరుగు వైపు వెళ్ళిపోయాడు.

అయ్యవారి ముఖం అప్పటికే ఎర్రబడి ఉంది.

"ఇందాక వాడి వయసుకు శిక్ష వేశావు. ఇప్పుడు వాడి వయసుకే క్షమాభిక్ష పెట్టావు. మడి ఎందుకెండిందని మాత్రం అడగలేదు. ఇక ఇంటికి వెళ్ళు," అన్నారు.

సత్యవేణి బస్సెక్కింది గానీ, దారి పొడుగునా ఆమెకు ఒళ్ళు మండుతూనే ఉంది. తను అడిగింది ఆసుపత్రి సంగతి, ఆయన చూపించింది వంకాయల సంగతి. ముసలివాణ్ణి పిలిచి తనను తెలివితక్కువదాన్ని చేశారనిపించింది. వచ్చే ఆదివారం రాకూడదనుకుంది. అయినా సోమవారం మేనేజరు గదికి వెళ్ళేముందు, ఎందుకో కాళ్ళు వార్డు వైపు తిరిగాయి.

కెజియా మందుల బల్ల దగ్గర ఉంది. ఈసారి ఆ పిల్ల లేచి నిలబడింది. ఉద్యోగం పోబోతోందని అప్పటికే చెవిన పడ్డట్టుంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. సత్యవేణి స్టూలు లాక్కుని కూర్చుని, గురువారం ఏం జరిగిందని అడిగింది. చెప్పినా ఉపయోగం లేదంది ఆ పిల్ల. మళ్ళీ అడిగితే అప్పుడు చెప్పింది.

మధ్యాహ్నం డ్యూటీకి రావలసిన వరహాలమ్మ రోజూ ఆలస్యంగానే వస్తుంది. వేళకే ఆసుపత్రికి చేరుతుంది గానీ, క్యాంటీన్లో టీ తాగి, నలుగురినీ పలకరించి, తీరిగ్గా పైకి ఎక్కుతుంది. అందాకా వార్డు కనిపెట్టుకుని ఉండేది కెజియానే. చేరిన నెల నుంచీ అంతే.

"మీకు చెప్పాను మేడమ్. పెద్దావిడ, సర్దుకో అన్నారు. మళ్ళీ చెప్తే, మా రోజుల్లో ఇలా లెక్కలు చూసేవాళ్ళం కాదన్నారు. గురువారం నాకు విసుగొచ్చింది. ఆవిడ కింద కనిపించింది కదా, వస్తుందిలే అని వెళ్ళిపోయాను," అంది. నేల చూస్తూ, "మీ వయసు వాళ్ళంతా ఒకరినొకరు కాపాడుకుంటారు," అని కూడా అంది.

ఆ చివరి మాటకు సత్యవేణికి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. నేనూ ఆవిడా ఒకటా అని అడగబోయి, నోరు మూసుకుంది. పెద్దావిడ, సర్దుకో అన్నది తనే. ఆ మాట అన్న చోటు కూడా గుర్తుంది, లిఫ్టు ముందు, నడుస్తూ నడుస్తూ అంది. వెనక్కి తిరిగి ఆ పిల్ల ముఖం కూడా చూడలేదు.

వరహాలమ్మను అడిగితే ఆమె తడుముకోలేదు. ఆలస్యం నిజమేనంది. కానీ తన సర్వీసంత లేదట ఆ పిల్ల వయసు. కొంచెంసేపు ఆగితే అరిగిపోతుందా అంది. ఇన్నేళ్ళలో తనను ఈ మాట అడిగినవాళ్ళు లేరని, నువ్వు కూడా ఆ పిల్లలతో చేరిపోయావా వేణీ అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇద్దరూ ఒకే ఏడు నర్సింగు చదివినవాళ్ళు. సత్యవేణి ఇంట్లో పెళ్ళికి వంటలు దగ్గరుండి చూసిన మనిషి వరహాలమ్మ. ఆమెతో ఆ మాట మాట్లాడటం సత్యవేణికి ఆ రోజంతా పంటి కింద రాయిలాగే ఉంది.

మేనేజరుతో చెప్పవలసింది చెప్పింది. వార్డును ఎవరికీ ఒప్పగించకుండా వెళ్ళడం కెజియా తప్పు, వేళకు పైకి రాకపోవడం వరహాలమ్మ తప్పు, తెలిసీ ఊరుకోవడం తన తప్పు అంది. మేనేజరుకు ఈ మూడు తప్పుల పద్ధతి నచ్చలేదు. ఒక్కరిని తీసేస్తే పోయేదానికి ముగ్గురిని తెస్తారేమిటని విసుక్కున్నాడు. ఆమె పట్టు విడవలేదు. చివరికి ముసలామె కొడుకులకు క్షమాపణ చెప్పిరమ్మన్నాడు. ముగ్గురూ కలిసే వెళ్ళారు. ఆ కొడుకులు కూడా, తప్పు ఎవరిదో ఒకరిదని చెప్పకుండా ముగ్గురొచ్చారేమిటని కాసేపు అయోమయంలో పడి, చివరికి ఊరుకున్నారు. కెజియా ఉద్యోగం నిలిచింది. వరహాలమ్మ వేళకు పైకి రావడం మొదలుపెట్టింది గానీ, సత్యవేణితో మాట్లాడటం మానేసింది. వార్డులో ఎదురుపడితే గోడ వైపు చూసేది.

ఆదివారం వచ్చేసరికి సత్యవేణి పట్టుదల సడలి, మళ్ళీ కొండ వారకు వచ్చింది. పాఠం అయ్యాక చాప మీద కూర్చుంది. అయ్యవారు బచ్చలికూర కట్ట ముందు పెట్టారు. ఆకులు గిల్లుతూ ఆమె జరిగిందంతా చెప్పింది. చెప్తున్నకొద్దీ ఆమె గొంతులో వేడి పెరిగింది. ముప్ఫై ఏళ్ళ స్నేహం గోడ వైపు తిరిగి నిలబడ్డ వైనం చెప్పేటప్పటికి, ఆకులు కాడలతో సహా తెగిపోతున్నాయి.

"మీరన్నది నిజమే అయ్యవారూ. ఆ పిల్లలదేం లేదు, పాపం, చెప్తే వింటారు. ఇబ్బందంతా ఈ పెద్దవాళ్ళతోనే. సర్వీసు సర్వీసని నెత్తికెక్కి కూర్చుంటారు. ఒక్క మాట అంటే పడరు. మా వయసు వాళ్ళంతా ఇంతే," అంది.

అయ్యవారు రెండు చేతులతో తల పట్టుకున్నారు. ఆయనకు తలనొప్పి వచ్చిందేమోనని ఆమె మంచినీళ్ళు తేవడానికి లేవబోయింది. ఆయన కూర్చోమని సైగ చేశారు.

"వేణమ్మా, మీ ఆసుపత్రిలో చిన్నవాళ్ళున్నారు, పెద్దవాళ్ళున్నారు," అన్నారు చివరికి. "మనుషులెవరూ పనిచేయడం లేదా?"